మనిషి నైజం గురించి ఎవరి మాట పట్టుకోవాలి: హాబ్సా, లాకా, రూసోనా?

"జనానికి భయం ఉండాలండీ, లేకపోతే ఎవడూ మాట వినడు." ట్రాఫిక్ చలాన్ల గురించి మాట్లాడేటప్పుడు ఈ మాట వింటాం, ఎన్‌కౌంటర్ వార్త వచ్చిన రోజూ వింటాం. "అధికారం చేతికొస్తే ఎవడైనా ఒకటే" అన్నది ఇంకో మాట. "మనుషులు మంచివాళ్లేనండీ, ఆస్తులే పాడు చేశాయి" అన్నది మూడోది. ఒకే మనిషి ఒకే సాయంత్రం ఈ మూడూ అనేయగలడు, వినేవాళ్లు మూడింటికీ తలూపగలరు. కానీ ఈ మూడూ ఒకచోట ఇమడవు. మొదటి మాట నిజమైతే పోలీసు చేతులు బలపడాలి. రెండోది నిజమైతే ఆ చేతులకు పగ్గం పడాలి. మూడోది నిజమైతే పోలీసు సంగతి తర్వాత, ముందు భూమి ఎవరి పేరున ఉందో చూడాలి.

మొదటిదాన్ని పద్ధతిగా వాదించినవాడు థామస్ హాబ్స్, రెండోదాన్ని జాన్ లాక్, మూడోదాన్ని జాన్ జాక్ రూసో. కాలేజీలో ఈ ముగ్గురినీ "సామాజిక ఒడంబడిక సిద్ధాంతం" (జనం ఒప్పందం చేసుకుని ప్రభుత్వాన్ని ఏర్పరచుకున్నారన్న వాదన) అని ఒకే చాప్టర్‌లో చదివేసి, తేడాల పట్టిక ఒకటి బట్టీ పడతాం. హాబ్స్ గడిలో "మనిషి స్వార్థపరుడు", లాక్ గడిలో "వివేకవంతుడు", రూసో గడిలో "అమాయకుడు". మార్కులకు అది చాలు. ఒక చట్టాన్నో, ఒక అరెస్టునో, ఒక భూసేకరణనో తూచాల్సి వచ్చినప్పుడు మాత్రం ఆ పట్టిక చేతికి అందదు. ముగ్గురిలో ఎవరిని ఎప్పుడు పట్టుకోవాలి, వాళ్లతో పాటు ఇంకెవరిని పక్కన పెట్టుకోవాలి అన్నదే ఇక్కడి విషయం.

ఎంపికకు నేను వాడే ప్రశ్న ఒకటుంది. మనిషి నైజం గురించి ఈయన చెప్పింది కుర్చీలో కూర్చున్నవాడికి కూడా వర్తిస్తుందా? జనం స్వార్థపరులైతే రాజూ ఆ జనంలోంచే వచ్చాడు. జనం మంచివాళ్లయితే వాళ్లలోంచి వచ్చిన పాలకుడు ఎందుకు చెడిపోయినట్టు? ఈ ప్రశ్న దగ్గర ఒక్కొక్కరి అసలు రంగు బయటపడుతుంది.

పక్కవాడి భయం: హాబ్స్

1588లో స్పెయిన్ నౌకాదళం ఇంగ్లండ్ మీదికి వస్తోందన్న పుకార్ల మధ్య పుట్టాడు హాబ్స్. మా అమ్మ నన్నూ భయాన్నీ కవలలుగా కన్నదని ముసలితనంలో తనే పద్యం రాసుకున్నాడు. రాజుకూ పార్లమెంటుకూ మధ్య గొడవ ముదురుతుంటే 1640లో పారిస్ పారిపోయాడు. అక్కడ ఉండగానే తన దేశంలో అంతర్యుద్ధం రేగింది, 1649 జనవరిలో మొదటి చార్లెస్ తల నరికారు. ఆయన పుస్తకం "లెవయాథన్" 1651లో అచ్చయింది. ఈ వరస తెలియకుండా ఆ పుస్తకం తెరిస్తే, మనుషులంటే పడని ముసలాయన తిట్లలా అనిపిస్తుంది.

నిజానికి ఆయన తిట్టలేదు. పదమూడో అధ్యాయంలో వాదన ఇలా సాగుతుంది. మనుషులు బలంలో ఇంచుమించు సమానం. ఎంత బక్కవాడైనా ఎంత బలవంతుడినైనా నిద్రలో చంపగలడు, లేదా నలుగురిని కూడగట్టి చంపగలడు. అందుకే ఎవరికీ ధీమా లేదు. కొట్లాటకు మూడు కారణాలు: ఒకే వస్తువు కోసం పోటీ, ఒకరి మీద ఒకరికి అపనమ్మకం, పేరు కోసం ఆరాటం. వీటిలో రెండోదే అసలైనది. నాకు పక్కవాడి పొలం అక్కర్లేదు, వాడికీ నా పొలం అక్కర్లేదేమో. కానీ వాడికి అక్కర్లేదని నాకు తెలిసేదెలా? ఆ అనుమానంతో నేను కర్ర తెచ్చుకుంటాను. నా కర్ర చూసి వాడు కత్తి తెచ్చుకుంటాడు. ఇద్దరూ మంచివాళ్లే అయినా తెల్లారేసరికి తలలు పగలొచ్చు. పైన ఒక అధికారం లేని చోట బతుకు ఒంటరిగా, దరిద్రంగా, మొరటుగా, పొట్టిగా ఉంటుందని ఆయన అన్నది ఈ అర్థంలోనే.

దీన్ని ఒప్పుకోనివాళ్లకు ఆయన వేసిన చిక్కు ప్రశ్న నాకు ఇష్టం. చట్టాలున్నాయి, పోలీసులున్నారు, అయినా రాత్రి తలుపుకు గడియ పెట్టుకుంటావు, ఇంట్లో మీ వాళ్లే ఉన్నా పెట్టెకు తాళం వేస్తావు. మనిషిని నా మాటలు నిందించినట్టే నీ తాళం నిందించడం లేదా?

1969 అక్టోబర్ 7న కెనడాలోని మాంట్రియల్‌లో జీతాల గొడవతో పోలీసులు సమ్మె చేశారు, అగ్నిమాపక సిబ్బందీ పని మానేశారు. ఒక్క రోజులోనే బ్యాంకులు దోచారు, షాపుల అద్దాలు పగలగొట్టి సరుకు ఎత్తుకెళ్లారు, గుంపులు చెలరేగాయి, కాల్పుల్లో ఒక పోలీసు అధికారి చనిపోయాడు. ఆ రాత్రికి సైన్యాన్ని దింపాల్సి వచ్చింది. బాగా బతుకుతున్న, ప్రశాంతమైన దేశంలో జరిగింది కాబట్టే హాబ్స్ పక్షం వాళ్లు దీన్ని మళ్లీ మళ్లీ చూపిస్తారు.

ఇప్పుడు కుర్చీ ప్రశ్న. హాబ్స్ దగ్గర సార్వభౌముడు, అంటే అందరి పైనా అధికారం ఉన్న పాలకుడు, ఒడంబడికలో భాగం కాడు. జనం తమలో తాము ఒప్పందం చేసుకుని హక్కులన్నీ ఆయనకు వదిలేస్తారు, ఆయన మాత్రం ఎవరికీ మాట ఇవ్వలేదు. మరి ఆయనకూ పోటీ, అపనమ్మకం, పేరు పిచ్చి ఉంటే? ఉంటాయి, భరించండి, అంతర్యుద్ధం కన్నా అదే మేలు అంటాడు. ఒక్క మినహాయింపు ఇచ్చాడు: నిన్ను చంపడానికి వస్తే ఎదిరించే హక్కు నీకుంది, సార్వభౌముడు నిన్ను కాపాడగలిగినంత కాలమే నీ విధేయత. ఆ కాలానికి ఇది చిన్న మాట కాదు. రాజు దేవుడి తరఫున పాలిస్తాడనే రాజభక్తులకు ఈ లెక్క నచ్చలేదు. 1683లో ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం ఆయన పుస్తకాలను తగలబెట్టింది. అయినా నా దృష్టిలో ఆయన వాదనలో పెద్ద బొక్క ఇదే. సమస్యను చూపించడంలో ఆయనకు సాటి లేరు, మందు దగ్గరికి వచ్చేసరికి డోసు ఎంతో చెప్పలేదు.

పాలకుడి భయం: లాక్

లాక్ జవాబు సూటిగా ఉంటుంది. పిల్లులకూ నక్కలకూ భయపడి సింహం నోట్లో తల పెట్టేంత తెలివితక్కువవాళ్లా మనుషులు అంటాడు. తెలుగులో అయితే "కంచే చేను మేస్తే" అనేస్తాం, పని అయిపోతుంది.

లాక్ లెక్కలో ప్రభుత్వం లేనప్పుడు మనుషులు పశువుల్లా బతకరు. ఇంకొకడి ప్రాణం, స్వేచ్ఛ, ఆస్తి ముట్టుకోకూడదని చాలామందికి తెలుసు. మరి ప్రభుత్వం ఎందుకు? మూడు లోటుల వల్ల. అందరికీ తెలిసిన స్థిరమైన చట్టం లేదు, ఇరుపక్షాలకూ చెందని జడ్జి లేడు, తీర్పు అమలు చేసే బలం లేదు. తన తగాదాకు తనే తీర్పరి అయితే మంచివాడు కూడా తనవైపే మొగ్గుతాడు. గట్టు తగాదా చూసిన ఎవరికైనా ఇది వివరించక్కర్లేదు. ఇద్దరు అన్నదమ్ములు, ఇద్దరూ యోగ్యులే, జానెడు గట్టు దగ్గర మాత్రం ఇద్దరికీ రెండు సర్వేలు.

కాబట్టి ప్రభుత్వం పని పరిమితం: ఆ మూడు లోటులూ పూడ్చడం. అందుకోసం ఇచ్చిన అధికారం నమ్మకం మీద ఇచ్చింది. ఆ నమ్మకం వమ్మయితే అధికారం తిరిగి జనానికి వస్తుంది. రాజు చట్టం తప్పితే తిరుగుబాటుదారు రాజే, జనం కారు. ఈ వాదన ఉన్న "ప్రభుత్వంపై రెండు గ్రంథాలు" పుస్తకాన్ని 1689లో పేరు లేకుండా అచ్చు వేయించాడు. బతికుండగా తనదని బహిరంగంగా ఒప్పుకోలేదు, చనిపోయేముందు రాసిన వీలునామా అనుబంధంలో ఒప్పుకున్నాడు. భయం హాబ్స్‌కే కాదు, ఈయనకూ ఉండేది. దాని మూలం వేరు: 1683లో ఇంగ్లండ్ నుంచి హాలండ్‌కు పారిపోయింది పక్కింటివాళ్లకు జడిసి కాదు, రాజు మనుషులకు జడిసి.

మన దేశంలో లాక్ ఎందుకు అవసరమో ఒక్క కేసు చాలు. ఎమర్జెన్సీలో, 1976 ఏప్రిల్ 28న, ఏడీఎం జబల్‌పూర్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. అక్రమంగా నిర్బంధించినా సరే, ఆ సమయంలో హెబియస్ కార్పస్ (నిర్బంధించిన మనిషిని కోర్టు ముందు పెట్టమనే పిటిషన్) వేసే వీలు లేదని నలుగురు జడ్జీలు అన్నారు. పోలీసు ఒక మనిషిని కక్షతో చంపేసినా కోర్టుకు దారి లేదా అని విచారణలో అడిగితే, ఎమర్జెన్సీ ఉన్నంతవరకూ లేదనే అటార్నీ జనరల్ జవాబిచ్చారు. జస్టిస్ హెచ్.ఆర్. ఖన్నా ఒక్కరే విభేదించారు, తర్వాత ఆయనకు ప్రధాన న్యాయమూర్తి పదవి దక్కలేదు. ప్రాణాన్ని సార్వభౌముడి దయకు వదిలేయడంలో ఆ నలుగురూ హాబ్స్‌ను కూడా దాటిపోయారు, ఆయన కనీసం ప్రాణం దగ్గర మినహాయింపు ఇచ్చాడు.

1978 నాటి 44వ రాజ్యాంగ సవరణ ఈ తప్పు దిద్దింది: ఎమర్జెన్సీలోనూ ప్రాణానికీ స్వేచ్ఛకూ రక్షణ ఇచ్చే 20, 21 అధికరణాలను ఆపేయడానికి వీల్లేదు. తమాషా ఏమిటంటే ఆస్తి హక్కును ప్రాథమిక హక్కుల జాబితా నుంచి తీసేసిందీ అదే సవరణ. లాక్ చెప్పిన మూడింటిలో ప్రాణం, స్వేచ్ఛ గట్టిపడ్డాయి, ఆస్తి ఒక మెట్టు దిగింది.

లాక్‌ను గుడ్డిగా తీసుకోకూడని కారణాలు రెండున్నాయి. నేల మీద ఎవడు శ్రమ కలిపితే ఆ నేల వాడిది అన్న ఆయన సూత్రం వినడానికి రైతుకు దగ్గరగా ఉంటుంది. కానీ అమెరికాలో వేటాడుకుని బతికే జాతుల నేలను "ఖాళీ నేల" అనడానికి కూడా అదే వాదన అక్కరకొచ్చింది. అడవుల్లో పట్టా లేకుండా తరాలుగా ఉన్న మన ఆదివాసుల గురించి ఆలోచిస్తే ఆ సూత్రం ఎటు తిరుగుతుందో చూడండి. రెండోది, మనుషులంతా పుట్టుకతో స్వేచ్ఛాపరులన్న ఇదే లాక్‌కు బానిసల వ్యాపారం చేసే రాయల్ ఆఫ్రికన్ కంపెనీలో వాటాలుండేవి. మగవాళ్లంతా స్వేచ్ఛగా పుడితే ఆడవాళ్లంతా బానిసలుగా పుట్టడమేమిటని మేరీ ఆస్టెల్ 1706లోనే ఇంగ్లండ్‌లో అడిగేసింది. ఒడంబడిక గురించి రాసిన మగవాళ్లు ఆ ప్రశ్నను చాలాకాలం విననట్టే ఉన్నారు.

కుర్చీ ప్రశ్నలో మాత్రం లాక్ పాసయ్యాడు. ఆ పనిని అతని తర్వాత ఇంకా పదునుగా చేసినవాడు అమెరికా రాజ్యాంగ నిర్మాతల్లో ఒకడైన జేమ్స్ మాడిసన్. మనుషులు దేవదూతలైతే ప్రభుత్వమే అక్కర్లేదు, దేవదూతలే పాలించేటట్టయితే ప్రభుత్వం మీద కట్టడి అక్కర్లేదు అని 1788లో, ఆ రాజ్యాంగాన్ని సమర్థిస్తూ వచ్చిన "ఫెడరలిస్ట్" వ్యాసాల్లో 51వదానిలో రాశాడు. ఇక్కడ జరిగింది గమనించండి. మనిషి గురించి చీకటి అంచనా హాబ్స్ నుంచి, పాలకుడి మీద అనుమానం లాక్ నుంచి. రెండూ కలిపితే వచ్చే మందు అధికారాన్ని ముక్కలు చేసి, ఒక ముక్కను ఇంకో ముక్క మీద కాపలా పెట్టడం.

ఆస్తి, పోలిక, అసూయ: రూసో

రూసో దగ్గర కథ వెనక్కి నడుస్తుంది. హాబ్స్ అడవి మనిషి అని చూపించినవాడు నిజానికి లండన్ మనిషేనని ఆయన ఫిర్యాదు. పేరు పిచ్చి, ఆశ, పగ ఇవన్నీ సమాజంలో పుట్టినవి, వాటిని తీసుకెళ్లి ఆదిమ మనిషికి అంటగట్టారు అంటాడు. ఆయన లెక్కలో మొదటి మనిషికి ఉన్నవి రెండే: తన ప్రాణం కాపాడుకోవాలన్న కోరిక, ఇంకో ప్రాణి బాధపడితే చూడలేని జాలి.

1755లో అచ్చయిన "అసమానత మూలం" వ్యాసంలో ఒక చోటు నాకు ఎప్పుడు చదివినా ఆశ్చర్యమే. మనుషులు గుడిసెలు కట్టుకుని, సాయంత్రాలు చెట్టు కింద చేరి పాడటం, ఆడటం మొదలుపెడతారు. బాగా పాడేది ఎవరు, అందంగా ఉన్నది ఎవరు అని ఒకరినొకరు చూసుకుంటారు. అసమానత వైపు తొలి అడుగు అక్కడే పడిందంటాడు. కత్తి దగ్గరో నాగలి దగ్గరో కాదు, నలుగురి కళ్లు ఎవరి మీద ఉన్నాయన్న దగ్గర. లైకులు లెక్కపెట్టుకునే కాలంలో బతుకుతున్నవాళ్లకు దీన్ని ఎవరూ పాఠంగా చెప్పనక్కర్లేదు.

తర్వాత ఇనుము, గోధుమ వస్తాయి. ఎవడో ఒకడు నేల చుట్టూ కంచె వేసి "ఇది నాది" అంటాడు, నమ్మేంత అమాయకులు దొరుకుతారు. ఉన్నవాడికీ లేనివాడికీ కొట్లాట మొదలవుతుంది. అప్పుడు ఉన్నవాడు ఒక గొప్ప ఆలోచన చేస్తాడు. "బలహీనులను కాపాడటానికి, ఎవరిది వాళ్లకు దక్కేలా చూడటానికి అందరం ఒక చట్టం కిందికి వద్దాం రండి" అని లేనివాళ్లనే పిలుస్తాడు. అందరూ స్వేచ్ఛ దొరుకుతుందనుకుని సంకెళ్ల వైపు పరుగెత్తారు అంటాడు రూసో. హాబ్స్, లాక్ చెప్పిన ఒడంబడికే ఇది కూడా, ఎవరికి లాభమో ఈయన అడిగాడు, అంతే తేడా.

రోగం చెప్పడంలో ఇంత గొప్పవాడు, 1762 నాటి "సామాజిక ఒడంబడిక"లో మందు చెప్పేసరికి నన్ను భయపెడతాడు. అందరూ కలిసి ఒక సమష్టి సంకల్పంగా మారాలి, ఎవరైనా దానికి లోబడకపోతే మిగిలిన సమాజం వాడిని లోబరచాలి, అంటే వాడిని బలవంతంగా స్వేచ్ఛాపరుణ్ని చేయాలి అన్నాడు. ఆ సమష్టి సంకల్పం ఎప్పుడూ తప్పు చేయదని కూడా అన్నాడు. దాని పేరు చెప్పి మాట్లాడేవాడు తప్పు చేస్తే ఎలా పట్టుకోవాలి? ఫ్రెంచి విప్లవ నాయకుడు రోబెస్పియర్ రూసోను నెత్తిన పెట్టుకున్నాడు, ఆ తర్వాత తలలు నరికే గిలటిన్ ఆగలేదు. "ప్రజలే నా వెనక ఉన్నారు, నన్ను విమర్శిస్తే ప్రజలను విమర్శించినట్టే" అనే నాయకులను మనమూ చూస్తూనే ఉన్నాం. కుర్చీ ప్రశ్నలో రూసో తప్పాడు, అదీ హాబ్స్ కన్నా ఘోరంగా. హాబ్స్ రాజు కనీసం నేను నువ్వే అనడు.

అయినా ఒక్క మాటకు ఆయన్ని క్షమించొచ్చు. ఇంగ్లండ్ ప్రజలు స్వేచ్ఛాపరులమనుకుంటున్నారు, పెద్ద పొరపాటు, పార్లమెంటు సభ్యులను ఎన్నుకునేటప్పుడు మాత్రమే వాళ్లు స్వేచ్ఛాపరులు, ఎన్నుకోగానే బానిసలు అన్నాడు. ఓటు వేసి అయిదేళ్లు ఎదురుచూసే ఎవరికైనా ఇది తెలిసిన అనుభవమే.

మన పుస్తకాల్లో ఉన్నది

ఈ చర్చ మనకు పడమటి నుంచి దిగుమతి అయ్యిందనుకుంటే పొరపాటు. శాంతిపర్వంలో భీష్ముడు ధర్మరాజుకు చెబుతాడు: మొదట్లో రాజ్యమూ లేదు, రాజూ లేడు, శిక్షా లేదు, శిక్షించేవాడూ లేడు, ప్రజలు ధర్మంతోనే ఒకరినొకరు కాపాడుకునేవాళ్లు. తర్వాత మోహం, లోభం వచ్చి ఆ ఏర్పాటు చెడింది. ఇది రూసోకు దగ్గర. అదే పర్వంలో ఇంకోచోట రాజు లేకపోతే పెద్ద చేప చిన్న చేపను మింగినట్టు బలవంతులు బలహీనులను మింగేస్తారని ఉంటుంది. ఇది హాబ్స్. రెండూ ఒకే గ్రంథంలో పక్కపక్కనే ఉన్నా మన పెద్దలకు ఇబ్బంది అనిపించలేదు. తిక్కన పుణ్యమా అని శాంతిపర్వం మనకు తెలుగులోనే ఉంది.

కౌటిల్యుడి దగ్గర విషయం ఇంకా రసవత్తరంగా ఉంటుంది. చేపల న్యాయంతో విసిగిన ప్రజలు మనువును రాజుగా చేసుకుని, పంటలో ఆరో వంతు, సరుకులో పదో వంతు ఇస్తామని ఒప్పుకున్నారన్న కథ అర్థశాస్త్రంలోనూ ఉంది. అయితే ఆ కథ చెప్పేది ఎవరో చూడాలి. రాజు మీద సణిగే జనం మధ్యకు గూఢచారులు ఇద్దరిద్దరుగా వెళ్లి ఉత్తుత్తి వాదన పెట్టుకోవాలి, ఒకడు రాజును తిట్టాలి, రెండోవాడు ఈ కథ చెప్పి వాడి నోరు మూయించాలి. సామాజిక ఒడంబడికను సిద్ధాంతంగా నమ్మాడో లేదో గానీ, ప్రచారానికి బాగా పనికొస్తుందని మాత్రం కౌటిల్యుడు కనిపెట్టాడు.

కుర్చీ ప్రశ్నలో సగం మార్కులు ఆయనకు ఇవ్వాలి. నాలుక మీద ఉన్న తేనెను రుచి చూడకుండా ఉండలేనట్టే రాజు సొమ్ము చేతిలో ఉన్నవాడు కాస్తయినా తినకుండా ఉండలేడంటాడు, అధికారులు సొమ్ము కాజేసే 40 మార్గాలు లెక్క కట్టి చెబుతాడు. నీళ్లలో చేప ఎప్పుడు నీళ్లు తాగిందో తెలియనట్టే వీళ్లు ఎప్పుడు తిన్నారో తెలియదట. తహసీల్దారు ఆఫీసు చుట్టూ తిరిగినవాళ్లు దీనికి చప్పట్లు కొడతారు. అధికారుల మీద ఇంత అనుమానం ఉన్నవాడు, రాజు దగ్గరికి వచ్చేసరికి చదువు, ఇంద్రియ నిగ్రహం నేర్పితే చాలన్నాడు. దండన మరీ కఠినమైతే జనం జడుసుకుంటారు, మరీ మెత్తనైతే లెక్కచేయరు అని హెచ్చరించాడు గానీ, ఆ హెచ్చరిక రాజు వినకపోతే ఆపే ఏర్పాటేదీ చెప్పలేదు.

ప్రభుత్వమే వద్దనేవాళ్లు

ఇంకో పక్షం ఉంది. రష్యా రాజవంశీకుడు పీటర్ క్రొపొట్కిన్ యువకుడిగా తూర్పు సైబీరియాలో తిరిగాడు. ఆ చలిలో జంతువులు ఒకదాన్నొకటి చంపుకోవడం కన్నా గుంపుగా చేరి బతకడమే ఎక్కువ చూశానని రాశాడు. 1902 నాటి "పరస్పర సహాయం" పుస్తకంలో అదే వాదన మనుషుల దాకా తెచ్చాడు: సహకారం మన నైజంలోనే ఉంది, రాజ్యం దాన్ని చంపేసింది.

కొట్టిపారేయలేం. 1977 దివిసీమ ఉప్పెన తర్వాత శవాలు తీసి, గంజి కాచి పెట్టినవాళ్లలో ఎవరి ఆదేశమూ లేకుండా వచ్చినవాళ్లు ఎంతమందో. 2005లో అమెరికాలో కత్రినా తుపాను న్యూ ఆర్లియన్స్‌ను ముంచినప్పుడు జనం హత్యలు, అత్యాచారాలకు దిగారని టీవీల్లో హోరెత్తింది, తర్వాత అందులో చాలా భాగం పుకారని తేలింది. డాంజిగర్ వంతెన మీద నిరాయుధులను కాల్చి ఇద్దరిని చంపింది మాత్రం పోలీసులే. మాంట్రియల్ చూపించేవాళ్లకు ఇది చూపించాలి.

మనకు ఇంకా దగ్గరి ఉదాహరణ కర్నూలు జిల్లాది. రాబర్ట్ వేడ్ అనే పరిశోధకుడు అక్కడి కాలువ కింది ఊళ్లను చూసి 1988లో పుస్తకం రాశాడు. కాలువ చివరన నీళ్లు అందీ అందని ఊళ్లలో రైతులే డబ్బు పోగేసి, నీళ్లు పంచడానికి మనుషులను, పశువులు పడకుండా చేలకు కాపలాదారులను పెట్టుకున్నారు. ఇదంతా పంచాయతీతో, ప్రభుత్వంతో సంబంధం లేకుండా. నీళ్లు పుష్కలంగా ఉన్న కాలువ మొదటి ఊళ్లలో అలాంటి ఏర్పాటు పెద్దగా లేదు. అంటే చివరి ఊరివాళ్లు మొదటి ఊరివాళ్ల కన్నా మంచివాళ్లనా? కాదు, వాళ్లకు నష్టం భయం ఎక్కువ. ఇలాంటి ఉదాహరణలు ప్రపంచం నలుమూలల నుంచి పోగేసి పనిచేసిన ఎలినార్ ఆస్ట్రమ్‌కు 2009లో అర్థశాస్త్రంలో నోబెల్ వచ్చింది. మనుషులకు నియమాలు కావాలన్న మాటకు, రాజ్యం కావాలన్న మాటకు మధ్య ఎంత ఎడం ఉందో వీళ్లు చూపించారు. హాబ్స్‌కు ఆ ఎడం కనిపించలేదు.

కానీ ఊరి సహకారం అనగానే కళ్లు మూసుకుని మురిసిపోయేవాళ్లు 1948 నవంబర్ 4న రాజ్యాంగ సభలో అంబేడ్కర్ అన్నది చదవాలి. ఊరంటే ఏమిటి, స్థానికతత్వపు మురికిగుంట, అజ్ఞానానికీ సంకుచితత్వానికీ మతతత్వానికీ నెలవు కాదా అని అడిగాడు. ఊరు తనను తాను పాలించుకుంటే ఆ పాలనలో దళితవాడకు చోటు ఎక్కడ? పైన ఒక రాజ్యం, దాని దగ్గర ఒక చట్టం లేకపోతే కొందరికి కంప్లయింట్ ఇవ్వడానికి కూడా చోటుండదు. క్రొపొట్కిన్ దగ్గర దీనికి సరైన జవాబు లేదు.

మరి ఎవరిని తీసుకోవాలి

మీ టెన్షన్ ఎక్కడుందో దాన్ని బట్టి. మత కల్లోలం, ముఠా కక్షలు, ఊళ్లకు ఊళ్లు తుపాకులు పట్టిన చోటు మీ ముందుంటే హాబ్స్‌తో మొదలుపెట్టండి. చంపుకోవడం ఆగకముందు హక్కుల చర్చ ఎవరి చెవికీ ఎక్కదు. విచారణ లేని నిర్బంధం, ఫోన్ నిఘా, ఎన్‌కౌంటర్, బుల్డోజర్ లాంటివి మీ విషయమైతే హాబ్స్‌ను పక్కన పెట్టేయండి, లాక్, మాడిసన్ కావాలి. ఈ చోట చాలామంది తప్పు పుస్తకం తీస్తారు, నేరస్తుడి మీద కోపంతో హాబ్స్‌ను పిలిచి, చివరికి తమ కొడుకు దొరికిన రోజు లాక్ కోసం వెతుక్కుంటారు.

భూమి, కులం, వారసత్వపు ఆస్తి గురించి అయితే రూసో 1755 వ్యాసం, అంతవరకే. 1762 పుస్తకాన్ని రాజ్యానికి ప్లాన్‌గా వాడొద్దు. చెరువు, కాలువ, అపార్ట్‌మెంట్ బోరు నీళ్లు లాంటి చిన్న ఉమ్మడి వ్యవహారాలకు వేడ్, ఆస్ట్రమ్ చాలు, హాబ్స్ అంత బరువైన ఆయుధం అక్కర్లేదు. ఆఫీసుల్లో లంచం ఎలా పుడుతుందన్నదానికి కౌటిల్యుడిని మించినవాడు లేడు.

ఒక్కరినే పట్టుకోవాలంటే నా ఓటు మాడిసన్‌కు. మనిషి మంచివాడా చెడ్డవాడా అన్న తగువు తేలేదాకా ఆగకుండా పని మొదలుపెట్టినవాడు ఆయనొక్కడే. మంచి పాలకుడు వచ్చినా ఆయన ఏర్పాటుకు నష్టం లేదు, చెడ్డవాడు వస్తే కాస్తయినా అడ్డం పడుతుంది. కాకపోతే ఒకటి ఒప్పుకోవాలి: ఆయనా బానిసలున్న భూస్వామే, ఆయన రాసిపెట్టిన కట్టడి ఆ బానిసలను దశాబ్దాల తరబడి కాపాడలేదు. ఆ లోటు దగ్గర రూసో మళ్లీ కావాలి.

చదవడం ఎక్కడ మొదలుపెట్టాలి? హాబ్స్‌లో 13, 17, 21 అధ్యాయాలు, మూడో, నాలుగో భాగాలు మత చర్చ కాబట్టి తర్వాత చూసుకోవచ్చు. లాక్‌లో మొదటి గ్రంథం ఆదాము నుంచి రాజులకు అధికారం వచ్చిందన్న ఫిల్మర్ వాదానికి ఖండన, దాన్ని వదిలేసి రెండో గ్రంథంలో 2, 5, 9, 19 అధ్యాయాలు. ఫెడరలిస్ట్‌లో 10, 51 వ్యాసాలు. అర్థశాస్త్రంలో మొదటి అధికరణంలో 4, 13 అధ్యాయాలు, రెండో అధికరణంలో 8, 9. సివిల్స్‌కు పొలిటికల్ సైన్స్ ఆప్షనల్ తీసుకున్నవాళ్లకు ఒక మాట: పాశ్చాత్య చింతకుల జాబితాలో హాబ్స్, లాక్ ఉన్నారు, రూసో పేరు లేదు, అర్థశాస్త్రం మాత్రం భారతీయ చింతన కింద ఉంది. టైమ్ తక్కువైతే దాన్ని బట్టి పంచుకోండి. పరీక్ష బెడద లేనివాళ్లు రూసోలో అసమానత వ్యాసం రెండో భాగం, ఒడంబడిక పుస్తకంలో మొదటి రెండు భాగాలు, మూడో భాగంలో ప్రతినిధుల మీద ఉన్న 15వ అధ్యాయం చదివితే సరిపోతుంది. నాలుగో భాగంలో రోమన్ల ఓటింగ్ పద్ధతుల మీద పేజీలకు పేజీలు ఉంటాయి, అవి దాటేసినా ఏమీ పోదు.